గల్వాన్‌లో ఇరవై మంది పోయారు, మనకు తెలిసింది ఒక్క పేరే



పోస్టు పొడుగ్గా ఉంటాది. ఓపికుంటే మొత్తం చదవండి. సగం చదివి కామెంటు మాత్రం పెట్టొద్దు.

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు కల్నల్ సంతోష్ బాబు ఫొటో పెట్టి ‘నివాళి’ అని రాసినాడు. పాపం, వాడు రాసింది ఆ ఒక్క మాటే. దాని కింద మొదలైంది రచ్చ. ‘ఆయన మనోడా? మన గ్రూపులో ఆయన ఫొటో ఎందుకు?’ అని ఒకాయన. ‘ఆదివాసీకి ధైర్యం పుట్టుకతోనే వస్తాది, మనకు వేరేవాళ్ళ వీరులు అక్కర్లేదు’ అని ఇంకొకాయన. రాత్రి పన్నెండు దాకా కొట్టుకున్నారు. అన్ని కామెంట్లు పడ్డాయి గానీ, ఆ రాత్రి ఆ కల్నల్ పక్కన ఎవరెవరు పడిపోయినారో ఒక్కరూ రాయలేదు. నాకు మండింది అక్కడ. ఆయన మనోడు కాదన్న అన్నకూ తెలీదు, మనం పుట్టు వీరులం అన్న అన్నకూ తెలీదు. అందుకే ఈ పోస్టు.

నాది అహోబిలం దగ్గర చెంచు గూడెం. మా ఇళ్ళలో సైన్యంలోకి పోయినవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి ఇది నా సొంత గొప్ప చెప్పుకోడానికి రాస్తున్నది కాదు.

ముందు కల్నల్ సంగతి. సూర్యాపేట బిడ్డ. చిన్నప్పుడే విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరినాడు. అక్కడి నుంచి ఎన్‌డీఏ, అక్కడి నుంచి ఆఫీసరు. 16 బిహార్ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసరు అయినాడు. 2020 జూన్ 15 రాత్రి లదాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో గొడవ జరిగింది. తుపాకీ పేలలేదు. సరిహద్దు రేఖ దగ్గర తుపాకులు వాడకూడదని 1996లోనే రెండు దేశాలూ రాసుకున్నాయి. రాళ్ళు, ఇనప రాడ్లు, మేకులు కొట్టిన దుడ్డుకర్రలు, ఒట్టి చేతులు. కింద గడ్డకట్టే నది, పైన చీకటి. ఆ ఎత్తులో మామూలుగా నడిస్తేనే ఆయాసం వస్తాది, అట్లాంటి చోట గంటల తరబడి కొట్లాట. తీవ్రంగా దెబ్బలు తగిలినా ఆయన వెనక్కి రాకుండా, చివరి ఊపిరి దాకా ముందుండి తన వాళ్ళను నడిపినాడని మహావీర్ చక్ర ప్రశంసాపత్రం చెప్తాది. పరమవీర్ చక్ర తర్వాత యుద్ధకాలపు సాహసానికి ఇచ్చే పతకం అదే. 2021 గణతంత్ర దినాన మరణానంతరం ప్రకటించినారు.

ఆఫీసరు టెంటులో కూర్చుని సిపాయిలను ముందుకు తోసే కథలు మనం విన్నాం. ఈయన అట్లా చెయ్యలేదు. బెటాలియన్‌లో అందరికంటే పెద్ద ర్యాంకు మనిషి అందరికంటే ముందు నిలబడి చచ్చిపోయినాడు. దానికి చెయ్యెత్తి మొక్కడానికి ఆయన మనోడా కాదా అని చూడాల్సిన పని లేదు. మొదటి కామెంటు అన్నకు నా జవాబు అంతే.

2020 జూన్ 18న సూర్యాపేట దగ్గర కాసారంలో, సొంత పొలంలో ఆయనకు అంత్యక్రియలు జరిగినాయి. కరోనా రోజులు, జనాన్ని రానీయలేదు. అయినా దారి పొడుగునా పూలు చల్లినారు. ఏడాది తిరిగేసరికి సూర్యాపేట కోర్టు చౌరస్తాలో విగ్రహం లేచింది. రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి 5 కోట్లు, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ఇచ్చింది. బాగానే చేసింది. ఇందులో తప్పు పట్టేది ఏమీ లేదు.

ఇప్పుడు అసలు మాట. ఆ రాత్రి పోయింది ఇరవై మంది. ఆఫీసరు ఒక్కరు. మిగతా పంతొమ్మిది మంది ఎవరు?

నాయబ్ సుబేదార్ నుదూరాం సోరెన్. ఒడిశా, మయూర్‌భంజ్ జిల్లా. సంతాల్. అదే 16 బిహార్. రాళ్ళు పడుతున్నా, పదునైన ఆయుధాలతో కొడుతున్నా తన దళాన్ని నిలబెట్టి పోరాడినాడని ఆయనకు వీర్ చక్ర ఇచ్చినారు. కల్నల్‌కు ప్రకటించిన రోజే, అదే జాబితాలో. ఇప్పటి మన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారిదీ అదే జిల్లా, అదే తెగ. ఆమె రాష్ట్రపతి అయినప్పుడు మన గ్రూపులో ఎన్ని పోస్టులు పడినాయో నాకు గుర్తుంది. సోరెన్ మీద ఒక్కటి పడిందా? వెతికి చూడండి.

సిపాయి గణేశ్ హాంస్దా. జార్ఖండ్, తూర్పు సింగ్‌భూమ్ జిల్లా, బహరాగోడా దగ్గర పల్లె. సంతాల్. మన హాస్టళ్ళలో డిగ్రీ చదివే పిల్లల వయసు. సైన్యంలో చేరి రెండేళ్ళు కూడా సరిగ్గా కాలేదు.

సిపాయి గణేశ్ రాం కుంజాం. ఛత్తీస్‌గఢ్, కాంకేర్ జిల్లా. ఈ ఇంటిపేరు మళ్ళీ ఒకసారి చదవండి. చింతూరు, భద్రాచలం పక్క కోయ అన్నలు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు, మీలో కుంజా ఇంటిపేరు వాళ్ళు ఎంతమంది? గోదావరికీ శబరికీ ఆ పక్కా ఈ పక్కా ఉన్న ఒకే జనం మనం. రాష్ట్రాల గీతలు తర్వాత గీసినారు.

సిపాయి రాజేశ్ ఒరాంగ్. పశ్చిమ బెంగాల్, బీర్‌భూమ్ జిల్లా ఆదివాసీ కుటుంబం.

ఇవి నాకు గట్టిగా తెలిసిన పేర్లు మాత్రమే. బిహార్ రెజిమెంట్ అంటే బిహారు వాళ్ళే అనుకుంటారు మనోళ్ళు. ఆ రెజిమెంట్‌లో జార్ఖండ్, ఒడిశా ఆదివాసీలు పెద్ద సంఖ్యలో ఉంటారు. వాళ్ళ యుద్ధ నినాదాలు రెండు. ఒకటి ‘జై బజరంగ్‌బలీ’. రెండోది ‘బిర్సా ముండా కీ జై’. అవును, మన బిర్సాయే. 1900 జనవరిలో ముండాలను సైల్ రకబ్ కొండ మీద కాల్చింది తెల్లోడి సైన్యం, అదే ఏడు జూన్ 9న రాంచీ జైల్లో బిర్సా ప్రాణం పోయింది. పాతికేళ్ళ పిల్లోడు. రాంచీలో కోకర్ దగ్గర ఆయన సమాధి ఉంది. ఏ సైన్యం చేతుల్లో ఆయన జనం చచ్చిపోయినారో, ఆ సైన్యంలోనే 1941లో పుట్టిన రెజిమెంట్ ఇప్పుడు ఆయన పేరు అరుస్తా శత్రువు మీదికి దూకుతాది. దీన్ని గౌరవం అనాలో, ఇంకేమనాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒకటి మాత్రం నిజం. సూర్యాపేట బిడ్డ ఆ బెటాలియన్‌కు నాయకుడైనప్పుడు ఆ నినాదం ఆయనది కూడా అయ్యింది. ‘ఆయన మనోడా?’ అని అడిగిన అన్న దీని గురించి కాస్త ఆలోచించాల.

నా కడుపు మంట ఎక్కడిదో చెప్తా. 2022లో నేను డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీలో జూన్ 15న సభ పెట్టినారు. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. బ్యానర్ మీద కల్నల్ ఒక్కరి ఫొటో. కింద చిన్న అక్షరాల్లో ‘మరియు ఇతర జవాన్లు’. నేను లేచి, ‘సార్, ఆ ఇతర జవాన్ల పేర్లు కూడా చదువుదాం, ఇరవై పేర్లే కదా, రెండు నిమిషాలు పట్టదు’ అన్నా. ‘వాళ్ళంతా నార్త్ వాళ్ళప్పా, మనోళ్ళకు నోరు తిరగదు’ అన్నాడు స్టేజి మీదున్న సారు. అందరూ నవ్వినారు. నేనూ ఇకిలించి కూర్చున్నా. ఆ ఇకిలింపు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తాది.

నోరు తిరగదంట! చైనా అధ్యక్షుడి పేరు తిరుగుతాది, క్రికెట్ ఆడే ఆస్ట్రేలియా వాళ్ళ పేర్లన్నీ తిరుగుతాయి. సోరెన్, హాంస్దా, కుంజాం, ఒరాంగ్ తిరగవు.

సైన్యం మాత్రం అట్లా చెయ్యలేదు. 2020 అక్టోబరులోనే లదాఖ్‌లో, దౌలత్ బేగ్ ఓల్డీ పోయే దారిలో వాళ్ళ కోసం రాయి నిలబెట్టినారు. దాని మీద ఇరవై పేర్లూ ఉన్నాయి. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం మీదా ఇరవై మందీ ఉన్నారు. అక్కడ చోటు దొరికిన పేర్లకు మన సభల్లో, మన ఫేస్‌బుక్‌లో చోటు దొరకలేదు. కోత పెట్టింది మనమే. పై కులాలోళ్ళు పెట్టినారు అని తప్పించుకోడానికి లేదు, ఎందుకంటే మన గ్రూపులో కూడా ఆ రాత్రి ఆ పేర్లు రాలేదు కదా.

డబ్బుల సంగతీ కొంచెం. తెలంగాణ ప్రభుత్వం మిగతా పంతొమ్మిది కుటుంబాలకు తలా 10 లక్షలు ఇస్తామని 2020 జూన్‌లోనే ప్రకటించింది. వేరే రాష్ట్రాల వాళ్ళకు ఇవ్వాలన్న రూలేమీ లేదు, అయినా ఇస్తామన్నారు. మెచ్చుకోవాల్సిందే. 5 కోట్లు ఎక్కడ, 10 లక్షలు ఎక్కడ అని నేను పోల్చను. ఎవరి రాష్ట్రం వాళ్ళకు ఎక్కువ ఇచ్చుకుంటాది. నేను చూసేది తేదీని. హాంస్దా కుటుంబానికి ఆ చెక్కు అందింది 2022 మార్చి 4న. ముఖ్యమంత్రి గారు రాంచీ పోయి, అక్కడి ముఖ్యమంత్రిని పక్కన పెట్టుకుని, ఫొటోల నడుమ ఇచ్చినారు. సూర్యాపేట ఇంటికి వారంలో పోయిన చెక్కు, బహరాగోడా పల్లె పిల్లోడి ఇంటికి చేరడానికి ఇరవై నెలలు పైన పట్టింది. అది కూడా పార్టీల మీటింగులు కుదిరిన రోజున. బ్యాంకు ఖాతాకు పంపితే ఒక్క పూట పని.

ఇంక రెండో కామెంటు అన్న దగ్గరికి వస్తా. ‘ఆదివాసీకి ధైర్యం పుట్టుకతోనే వస్తాది.’

అన్నా, నీ మనసు మంచిదే. కానీ ఈ మాట మనల్ని పొగిడేది కాదు, మన చోటు మనకు చూపించేది. మా అహోబిలంలో ప్రతి ఏడూ ఇట్లాంటి పొగడ్తే జరుగుతాది. నరసింహస్వామి మా చెంచులక్ష్మిని చేసుకున్నాడు, కాబట్టి ఆయన మా ఇంటి అల్లుడు. సంక్రాంతికి పార్వేట మొదలైతే స్వామి పల్లకి ఎక్కి నలభై రోజులకు పైగా ఊళ్ళు తిరుగుతాడు. మా చెంచులు విల్లులు పట్టుకొచ్చి పల్లకి మీదికి బాణం వేస్తారు. ఆ పూట మేం మామలం. కెమెరాలన్నీ మావైపే. తెల్లారినాక అడవిలోకి తేనెకు పోతే, ‘ఎవర్రా మీరు, ఎందుకొచ్చినారు’ అని అడిగేవాళ్ళు అడుగుతారు. బాణం బాగా వేస్తారు అన్నంత కాలం మనకు బాణమే ఇస్తారు, పల్లకి ఇయ్యరు. ఇది కడుపు మండి అంటున్న మాట, స్వామి మీద కోపం లేదు.

సైన్యంలోనూ అదే లెక్క. ఆ ఇరవై మందిలో ఆదివాసీలు ఏ ర్యాంకుల్లో ఉన్నారో చూడండి. సిపాయి, సిపాయి, సిపాయి. ఎంతో కాలం సర్వీసు చేసిన సోరెన్ నాయబ్ సుబేదార్. ధైర్యంలో తక్కువా? ఎవరూ అనలేరు, చక్రం ఇచ్చి మరీ ఒప్పుకున్నారు. తక్కువైంది ఆరో తరగతిలో దొరకాల్సిన బడి. కల్నల్ బతుకు మలుపు తిరిగింది గల్వాన్‌లో కాదు, పది పన్నెండేళ్ళ వయసులో కోరుకొండ గేటు దగ్గర. ఆ గేటుకు పాడేరు, పార్వతీపురం కొండలు ఎంత దూరమో అక్కడి అన్నలకు తెలుసు. ఆ స్కూలు 1962 నుంచి ఉంది.

అట్లని ఆదివాసీ ఆఫీసర్లు లేరని కాదు. ఉన్నారు. నాగాలాండ్‌లో కోహిమా దగ్గర నెర్హేమా అనే ఊరు. అక్కడి అంగామీ నాగా పిల్లోడు నెయికెఝాకువో కెంగురూసె. ముందు కోహిమాలో బడి పంతులు. తర్వాత సైన్యంలో ఆఫీసరు. నాయకుడిగా చేరి ఏడాది కూడా కాకముందే కార్గిల్ యుద్ధం వచ్చింది. 1999 జూన్ 28 రాత్రి ద్రాస్‌లో నిట్టనిలువు బండ ఎక్కాల. పదహారు వేల అడుగుల ఎత్తు, మంచు. బూట్లు జారుతున్నాయి. బూట్లు ఊడదీసి ఒట్టి కాళ్ళతో ఎక్కినాడు. కడుపులో దెబ్బ తగిలినా ఆగలేదు. రాకెట్ లాంచర్‌తో శత్రువు బంకరు మీద కొట్టినాడు, మీదికొచ్చినవాళ్ళలో ఇద్దరిని కత్తితో, ఇద్దరిని తుపాకీతో పడగొట్టి తానూ కొండ మీంచి పడిపోయినాడు. ఆయన కింద పనిచేసిన రాజస్థాన్ పక్క జవాన్లకు ఆ పేరు నోరు తిరక్క ‘నింబూ సాబ్’ అని ముద్దుగా పిలుచుకునేవాళ్ళు. చూసినారా, నోరు తిరగకపోతే చెయ్యాల్సింది అది. ముద్దు పేరు పెట్టుకోవాల. పేరే కొట్టెయ్యకూడదు. ఆయనకూ మహావీర్ చక్రే.

ఆయన్ను పూడ్చింది సొంత ఊళ్ళోనే, నెర్హేమాలో. ఆ ఊరి పిల్లోడు బడికి పోతా పోతా ఆ సమాధి చూస్తాడు. ఆఫీసరు అనేది తన భాష మాట్లాడే, తన ముఖం ఉన్న మనిషి కూడా అవ్వొచ్చని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను సమాధుల గురించి పట్టుపట్టేది ఇందుకే. పరమవీర్ చక్ర వచ్చిన మన ఒరావ్ బిడ్డ లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కాను చూడండి. 1971 యుద్ధంలో గంగాసాగర్ దగ్గర మెషిన్‌గన్ మూయించి చచ్చిపోయినాడు. ఆయన్ను పూడ్చింది త్రిపురలో, అగర్తలా పక్కన. సొంతూరు జారీ జార్ఖండ్‌లో. ఆ సమాధి మట్టి పిడికెడు సొంతూరికి రావడానికి నలభై ఏళ్ళు పైన పట్టింది. ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసినారు, రాంచీలో చౌక్‌కు పేరు పెట్టినారు. ఇంటామెకు మాత్రం భర్తను పూడ్చిన చోట దీపం పెట్టే భాగ్యం లేకుండా ముసలితనం వచ్చింది.

సరే, మన సంగతి. మన గూడేల్లో, తండాల్లో తెల్లారి నాలుగింటికి రోడ్ల మీద పరిగెత్తే పిల్లోళ్ళను మీరు చూస్తానే ఉన్నారు. అందరూ అగ్నివీర్ కోసమే. 2022 నుంచి వచ్చిన పద్ధతి, నాలుగేళ్ళ కొలువు. నూటికి పాతికమందిని ఉంచుకుంటారు, మిగతావాళ్ళు కొంత మొత్తం తీసుకుని ఇంటికి, పింఛను లేకుండా. పరిగెత్తొద్దని నేను అనను, ఆ ఇంటికి ఆ జీతం ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ ఇంటర్ ఎంపీసీ చదివే మన పిల్లల్లో ఎంతమందికి ఎన్‌డీఏ పరీక్ష ఉందని తెలుసు? ఇంటర్ రెండో ఏడు చదువుతానే రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు ఫీజు లేదు. అమ్మాయిలూ రాయొచ్చు, 2022 నుంచి వాళ్ళనూ తీసుకుంటున్నారు. రిజర్వేషన్ లేదు, ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాది. కష్టమే. ఆ కష్టాన్ని ఆరో తరగతిలోనే తగ్గించే చోటు సైనిక్ స్కూలు. అక్కడ ఎస్టీలకు నూటికి ఏడున్నర సీట్లు ఉన్నాయి. కోరుకొండ ఒకటి, మన రాయలసీమలో కలికిరి ఒకటి. ‘పుట్టు వీరులం’ అని స్టేటస్ పెట్టే అన్నల్లో ఎంతమంది ఒక్క పిల్లకాయతో ఆ అప్లికేషన్ పెట్టించినారు? నేనూ పెట్టించలేదు మొన్నటి దాకా, కాబట్టి నన్నూ కలుపుకునే తిడుతున్నా.

వచ్చే జూన్ 15కు రెండు పనులు అడుగుతున్నా. మీ మీ హాస్టళ్ళలో సభ పెడితే కల్నల్ ఫొటో తప్పకుండా పెట్టండి, దండ వెయ్యండి. పక్కన ఇరవై పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో రాయండి. పేర్లు తప్పు లేకుండా రాయడానికి జార్ఖండ్, ఒడిశా మిత్రులు గ్రూపులో ఉంటే ముందుకు రండి, తెలుగులో నేను కూర్చుని రాసి పెడతా. సూర్యాపేట పక్క తండాల తమ్ముళ్ళు వీలైతే ఆ కాగితం తీసుకుపోయి కాసారంలో ఆయన చితి పేర్చిన నేల దగ్గర ఒకసారి గట్టిగా చదవండి. ఆయన వాళ్ళతోనే పోయినాడు, వాళ్ళ పేర్లు అక్కడ వినపడితే ఆయనకు చిన్నతనం ఏమీ కాదు.

రెండోది, మీ గూడెంలో అయిదో తరగతి చదివే పిల్లల లెక్క తీయండి. నేను మొదలుపెట్టినా. మా అక్క కూతురు ఉంది, లెక్కల్లో చురుకు, చెట్టెక్కితే కోతే. సైనిక్ స్కూలు ఆరో తరగతికి పది నుంచి పన్నెండేళ్ళ మధ్య వయసు ఉండాల. పిల్ల పుట్టింది వానాకాలం, మా జేజికి బాగా గుర్తు. ఆధార్‌లో మాత్రం జనవరి 1 అని ఉంది, ఏడు కూడా ఒకటి వెనక్కి వేసినారు. మా గూడెంలో సగం మంది జనవరి 1నే పుట్టినారు మరి! ఆ లెక్కన పిల్లకు వయసు దాటిపోతాది. తేదీ మార్చమంటే పుట్టిన సర్టిఫికెట్ అడుగుతారు, దానికి పోతే ఇంకో కాగితం అడుగుతారు. రెండుసార్లు తిరిగొచ్చినా. సోమవారం మళ్ళా పోతున్నా, జేజిని కూడా తీసుకుని. ఈ పని చేయించుకున్న అన్నలెవరైనా ఉంటే ఏ కాగితం ముందు పెట్టాలో కింద రాయండి.